సీలెంట్ పోయిందా, మురికి పట్టిందా: చెన్నై ఎండలో కారు పైపూతలను పోల్చి చూసే పద్ధతి

మా మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన కారు లేని బానెట్టు ఒకటి ఉంది. ముదురు నీలం రంగు. పుదుపేటలో పాత విడిభాగాల కొట్టులో కొని, ఆటోలో అడ్డంగా పెట్టుకుని వడపళని దాకా తెచ్చాను. దాని మీద ఐదు పట్టీలు గీసి, నాలుగింటికి నాలుగు రకాల పూతలు వేసి, ఐదో దాన్ని వట్టిగా వదిలేశాను. మా కారు పైకప్పు మీదా, బానెట్టు మీదా కూడా అవే పట్టీలు. అంబత్తూరు పారిశ్రామిక వాడలో ముప్పై ఒక్క ఏళ్ళు తనిఖీ విభాగంలో పనిచేశాను. అక్కడ ఏ భాగమైనా కొలిచాకే బాగుందో లేదో చెప్పేవాళ్ళం. పైపూతల విషయంలోనూ అలాగే చేయాలని నాకు అర్థం కావడానికి ఒక సీసా డబ్బు పోయింది.

2022లో ఒక సీలెంట్, అంటే కారు రంగును కాపాడటానికి దాని మీద పూసే ద్రవం, కొన్నాను. ఏడాది నిలుస్తుందని సీసా మీద రాసి ఉంది. ఆరు వారాలకే నీళ్ళు ముత్యాల్లా నిలవడం మానేసి, పలచగా పరుచుకున్నాయి. పూత పోయిందనుకుని ఇంకో సీసా కొన్నాను. కొత్తది వేసే ముందు కారును బాగా శుభ్రం చేస్తూ, రంగులో దిగిన ఇనుప రజను తీసే ద్రవం చల్లి కడిగాను. కడిగిన చోటల్లా నీళ్ళు మళ్ళీ ముత్యాలు కట్టాయి! పాత పూత బతికే ఉంది. ఆర్కాడు రోడ్డులో మెట్రో పనుల నుంచి లేచిన సిమెంటు దుమ్ము దాని మీద పొరలా పేరుకుంది, అంతే. రెండో సీసా కొనవలసిన అవసరమే లేదు.

కాబట్టి పూతలను పోల్చేటప్పుడు రెండు పనులు తప్పనిసరి. మొదటిది, ఏ పూతా లేని పట్టీ ఒకటి పక్కనే ఉండాలి. రెండోది, ప్రతి కొలతా రెండుసార్లు తీయాలి: మురికి ఉన్నప్పుడు ఒకసారి, లోతుగా కడిగాక మరోసారి. ఈ రెండూ లేకుండా "ఇది మూడు నెలలు వచ్చింది, అది ఆరు నెలలు వచ్చింది" అని ఎవరు చెప్పినా నేను లెక్కలోకి తీసుకోను.

ఏవేవి పోలుస్తున్నాం

కారు రంగు మీద చివరి పొరను క్లియర్ కోటు అంటారు. సాధారణంగా 40 నుంచి 50 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది, అంటే తల వెంట్రుక మందం కన్నా తక్కువ. దాని మీద మనం పూసేది ఇంకా ఎంతో పలచన. మైనం, సీలెంట్ల పొర మైక్రాన్‌లో కొంత భాగమే ఉంటుంది. అంత పలచని దాన్ని కంటితో చూసి ఉందో లేదో చెప్పలేం. మెరుపు చూసి అసలే చెప్పలేం. బాగా పాలిష్ పట్టిన వట్టి రంగు కూడా అద్దంలా మెరుస్తుంది.

నేను పోల్చినవి నాలుగు. కార్నూబా మైనం బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటి జాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది. 82 నుంచి 86 డిగ్రీల మధ్య కరుగుతుంది. మే నెల మధ్యాహ్నం చెన్నైలో ముదురు రంగు కారు రేకు 70 డిగ్రీల దాకా వేడెక్కగలదు. మైనం కరిగిపోదు గాని మెత్తబడుతుంది, దుమ్మును పట్టుకుంటుంది, రుద్దితే సులువుగా వచ్చేస్తుంది. రెండోది పాలిమర్ సీలెంట్. ఇందులోని సిలికోన్ అణువులు రంగుకు అంటుకునేలా తయారుచేసినవి, అందుకే మైనం కన్నా వేడికి ఓర్చుకుంటాయి. మూడోది సిలికా కలిపిన స్ప్రే, కడిగాక చల్లి తుడిచేసే రకం. నాలుగోది చిన్న సీసాలో వచ్చే సిరామిక్ కోటింగ్. ఇది గాలిలోని తేమతో చర్య జరిపి గట్టి వల లాంటి పొరగా మారుతుంది. వేయడం కష్టం, పొరపాటు జరిగితే తీయడం ఇంకా కష్టం.

రంగును సిద్ధం చేయడం

పోలిక తప్పయ్యేది ఎక్కువగా ఇక్కడే. పాత మైనం కొంచెం మిగిలి ఉన్నా దాని మీద వేసిన కొత్త పూత సరిగా అంటదు. అప్పుడు మీరు కొలిచేది పూత మన్నిక కాదు, మీ అశ్రద్ధ. ముందు షాంపూతో కడగండి. తర్వాత ఇనుప రజను తీసే ద్రవం చల్లండి. రైలు పట్టాల దగ్గర, ఫ్లైఓవర్ పనుల దగ్గర నిలిపే కార్లయితే అది ఊదారంగులో కారడం కళ్ళారా చూస్తారు. తర్వాత క్లే ముద్దను, అంటే రంగుకు అంటుకున్న గరుకును లాగేసే మెత్తటి బంకమట్టి లాంటి ముద్దను, సబ్బు నీళ్ళతో జారుస్తూ తిప్పండి. పలచటి ప్లాస్టిక్ సంచిలో చెయ్యి పెట్టి రంగు మీద నిమిరితే గరుకు ఉందో లేదో వేళ్ళకు తెలుస్తుంది. వట్టి చేతికి తెలియనిది సంచిలోంచి తెలుస్తుంది. గరుకు పూర్తిగా పోయేదాకా ముందుకు వెళ్ళకండి.

చివరగా ఒక వంతు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కు మూడు వంతులు డిస్టిల్డ్ వాటర్ కలిపి, నీడలో తుడవండి. దీనికి మంట తగిలితే అంటుకుంటుంది, సెగకు దూరంగా ఉంచండి. తుడిచాక ఐదు పట్టీల మీదా నీటి బొట్టు ఒకే తీరున పరుచుకోవాలి. ఒక్క పట్టీలోనైనా ముత్యంలా నిలిస్తే అక్కడ ఇంకా పాత పూత ఉన్నట్టే, మళ్ళీ తుడవాలి.

పట్టీల మధ్య రెండు సెంటీమీటర్లు ఖాళీ వదలండి. మాస్కింగ్ టేపు అంటించి, పూత వేయగానే తీసేయండి. ఎండలో ఉంటే టేపు జిగురు రంగు మీదే మిగిలిపోతుంది. ఒక్కో పూతకు ఒక్కో గుడ్డ. స్ప్రే రకాన్ని కారు మీద చల్లకండి, తుంపర పక్క పట్టీల మీద పడుతుంది. దూరంగా నిలబడి గుడ్డ మీద చల్లుకుని తుడవండి. పైకప్పు మీద ఎడమ నుంచి కుడికి ఏ వరుసలో వేశారో, బానెట్టు మీద దానికి తలకిందులుగా వేయండి. మా అపార్టుమెంటులో సాయంత్రపు ఎండ కారు కుడి పక్కనే పడుతుంది. వరుస మార్చకపోతే కుడి చివరి పూత ఊరికే ఓడిపోయేది.

అన్నీ ఒకే రోజు వేయండి, తర్వాత ఒక రోజంతా నీళ్ళు తగలనివ్వకండి. నేను 2023 ఫిబ్రవరి 19న వేశాను, శివరాత్రి మర్నాడు. చెన్నైలో ఆ కాలం చాలా అనుకూలం. ఈశాన్య రుతుపవనాలు వెళ్ళిపోయి ఉంటాయి, కత్తిరి ఎండలు (మే నెల మండుటెండలు) మొదలు కావడానికి ఇంకా రెండు నెలలకు పైనే ఉంటుంది. పూతలన్నీ ముందు మామూలు ఎండనూ, తర్వాత మండుటెండనూ, చివరికి వానలనూ చూస్తాయి.

నీళ్ళ సంగతి

దీని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్ళో పూతలను ఎండ ఎంత దెబ్బతీస్తుందో నీళ్ళూ అంతే దెబ్బతీస్తాయి. మా బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. బొట్టు ఆరిపోతే తెల్లటి వలయం మిగులుతుంది. ఆ వలయాలు పేరుకున్న చోట నీళ్ళు ఇక ముత్యాలు కట్టవు, కింద పూత చెక్కుచెదరకుండా ఉన్నా సరే. తాగే నీళ్ళ యంత్రం నుంచి వృథాగా వచ్చే నీళ్ళను బకెట్లలో పట్టి కారు కడగడానికి వాడటం మా అపార్టుమెంటులో చాలామందికి అలవాటు. నీళ్ళు ఆదా చేయాలన్న ఆ ఆలోచన మంచిదే. 2019 వేసవిలో ఈ ఊళ్ళో చెరువులు ఎండిపోయి, ట్యాంకర్ల కోసం బిందెలతో నిలబడిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. కానీ ఆ నీళ్ళలో లవణాలు మామూలు బోరు నీళ్ళ కన్నా చిక్కగా ఉంటాయి. వాటితో నేల కడగండి, కారు రంగు మీద పోయకండి.

నేను చివరి కడుగుకు ఏసీ నుంచి కారే నీళ్ళు వాడతాను. అవి గాలిలోని తేమ చల్లబడి చుక్కలైనవి, లవణాలు దాదాపు ఉండవు. చెన్నై గాలిలో తేమకు కొదవ లేదు. ఒక రాత్రి ఏసీ వేస్తే కారు పైకప్పు, బానెట్టు తడిపేందుకు సరిపడా నీళ్ళు బకెట్లో చేరతాయి. బొట్టు కొలతకూ అవే నీళ్ళు వాడండి. ప్రతిసారీ ఒకే రకం నీళ్ళు వాడకపోతే కొలతలు పోల్చడానికి పనికిరావు.

కడిగే షాంపూ క్షారం లేనిదై ఉండాలి, మైనం కలిపినది కాకూడదు. మైనం కలిపిన షాంపూతో కడిగితే ప్రతి వారం అన్ని పట్టీలకూ, వట్టి పట్టీకి కూడా, కొత్త పూత వేసినట్టే. బట్టల సబ్బు పొడి అసలు వద్దు. మా కాపలాదారు భార్య లక్ష్మమ్మగారు ఎన్నో ఏళ్ళుగా ఆ పొడితోనే కార్లు కడిగేవారు. మైనం పట్టీ మీద ఆ పొడి నీళ్ళు ఒక్కసారి రుద్ది ఏమైందో చూపించాక, ఆవిడే మిగతా కార్ల వాళ్ళను షాంపూ కొనివ్వమని అడుగుతున్నారు.

గుడ్డను పట్టీల పొడవునా నడపండి, అడ్డంగా వద్దు.

బొట్టును కొలవడం

మందుల షాపులో 1 మిల్లీలీటరు సిరంజి దొరుకుతుంది. సూది తీసేయండి. 0.05 మిల్లీలీటరు నీటిని మెల్లగా బొట్టులా దించండి. ఇన్సులిన్ సిరంజి అయితే ముందు యూనిట్లు చూసుకోండి. 40 యూనిట్ల సిరంజిలో 2 యూనిట్లు, 100 యూనిట్ల దాంట్లో 5 యూనిట్లు ఈ కొలతకు సమానం. ఈ రెండూ కలగలిపితే లెక్క మొత్తం తప్పుతుంది.

బొట్టు పక్కన స్టీలు స్కేలు పెట్టి, నేరుగా పై నుంచి ఫోటో తీయండి. ఫోనులో పెద్దది చేసి వెడల్పు చదవండి. పూత బాగున్నప్పుడు బొట్టు ముడుచుకుని ఐదున్నర మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. పూత తగ్గేకొద్దీ అదే బొట్టు పరుచుకుంటుంది. మా కారు వట్టి రంగు మీద అది 8 మిల్లీమీటర్లు. మీ కారుకు ఈ అంకె వేరుగా ఉండవచ్చు, అందుకే వట్టి పట్టీ అన్నాను. ఒక్కో పట్టీలో ఐదు చోట్ల బొట్లు వేసి సగటు తీయండి. పైకప్పు దాదాపు మట్టంగా ఉంటుంది గనుక ఈ పనికి అదే మేలు. బానెట్టు వాలు మీద బొట్టు సాగి అంకె తప్పు చెబుతుంది, అక్కడ మరో పరీక్ష చేస్తాను: ఒక లీటరు నీళ్ళు పై అంచు నుంచి పోసి, పట్టీ ఖాళీ కావడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఫోనులో చూసుకుంటాను.

తెల్లవారుజామున కొలవండి. రేకు వేడిగా ఉంటే బొట్టు కొలిచేలోగా ఆరడం మొదలవుతుంది.

కొలిచే రోజు వరుస ఇలా ఉండాలి. ముందు దుమ్మును నీటితో పోగొట్టి, తాకకుండా ఒక కొలత. తర్వాత షాంపూ, ఇనుప రజను తీసే ద్రవం, అవసరమైతే లవణపు మచ్చలు తీసే పలచటి ఆమ్ల ద్రవం. మళ్ళీ ఏసీ నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, రెండో కొలత. మొదటి అంకె ఆ పూత మురికిని ఎంత పట్టుకుంటుందో చెబుతుంది. రెండో అంకె పూత ఇంకా ఉందో లేదో చెబుతుంది. రెండూ ఉపయోగపడే అంకెలే, ఒకదాని బదులు మరొకటి వాడకూడదు.

పూత పోయిందని ఎప్పుడు రాయాలో మొదటి రోజే పుస్తకంలో రాసి పెట్టుకోండి. లేకపోతే ఇష్టపడి కొన్న దానికి మనసు ఇంకో నెల కలిపేస్తుంది. నా నియమం: లోతుగా కడిగాక కూడా బొట్టు వెడల్పు వట్టి పట్టీకి అర మిల్లీమీటరు లోపులోకి వస్తే, వారం తర్వాత మళ్ళీ కొలవాలి. మళ్ళీ అలాగే వస్తే ఆ పూత పోయినట్టు.

నా పుస్తకంలో ఏముంది

కారు వారం వారం ఆదివారం కడిగాను. తొలి రెండు నెలలు పదిహేను రోజులకొకసారి, తర్వాత నాలుగు వారాలకొకసారి కొలిచాను.

మైనం బానెట్టు మీద నాలుగో వారంలోనే పోయింది, ఇంజను వేడి తోడైంది కదా. పైకప్పు మీద ఆరో వారం దాకా నిలిచి, ఏప్రిల్ 2న ఏడున్నర మిల్లీమీటర్లు చూపింది. కత్తిరి రాకముందే దాని కథ ముగిసింది. అయినా నాకు మైనం మీద చిన్నచూపు లేదు. వేసిన మొదటి రెండు వారాల్లో అంత నునుపు మరి దేనికీ రాలేదు.

సిలికా స్ప్రే ఏప్రిల్ 16న నన్ను దాదాపు మోసం చేసింది. కడగకముందు ఏడున్నర, కడిగాక 6. ఆ రోజు ఒకే కొలత తీసి ఉంటే ఎనిమిది వారాలని రాసేవాణ్ణి. అసలు పోయింది జూన్ 11న, పదహారో వారంలో. పాలిమర్ సీలెంట్ మే ఎండలకు కొంచెం తగ్గినా నిలదొక్కుకుని, సెప్టెంబరు 3న, ఇరవై ఎనిమిదో వారంలో పోయింది. సిరామిక్ కోటింగ్ నవంబరు చివరి కొలతలోనూ ఆరున్నర దగ్గర ఉంది. కానీ లవణపు వలయాలు అన్నిటికన్నా ఎక్కువగా దాని మీదే పడ్డాయి. నీళ్ళు ముత్యాల్లా నిలిచి, నిలిచిన చోటే ఆరితే లవణమంతా ఆ చుక్క కిందే చేరుతుంది. సిరామిక్ వేసుకుని తడి తుడవకుండా ఎండలో వదిలే వాళ్ళకు నేను దాన్ని సిఫారసు చేయను.

మేడ మీది బానెట్టు వేరే సంగతి చెప్పింది. రంగుల తయారీ సంస్థలు దక్షిణ ఫ్లోరిడాలో రేకు ముక్కలను దక్షిణానికి వాల్చి ఎండబెట్టి పరీక్షిస్తాయి. నేనూ కింద ఇటుకలు పెట్టి దాన్ని దక్షిణానికి వాల్చాను. దాన్ని కొలిచే రోజు తప్ప కడగను. అక్కడ మైనం కారు మీద ఎంత నిలిచిందో ఇంచుమించు అంతే నిలిచింది. పాలిమర్ మాత్రం కారు మీద కన్నా రెండు నెలలు ఎక్కువ నిలిచింది. దీన్నిబట్టి నేను తెలుసుకున్నది ఇది: మైనాన్ని వేడి తీసేస్తుంది, పాలిమర్‌ను మన చేతి గుడ్డ తీసేస్తుంది. అందుకే సీసా మీది నెలల కన్నా కడిగిన సార్లు లెక్కపెట్టడం మేలు. వారానికోసారి కడిగేవారికి ఇరవై ఎనిమిది కడుగులంటే ఏడు నెలలు కూడా రావు. నెలకు రెండుసార్లే కడిగే మా మేనల్లుడి కారు మీద అదే పాలిమర్ ఇంకా ఎక్కువ కాలం ఉండాలి. వాడి కారు నిలిపేది కానుగ చెట్టు నీడలో, పూలూ జిగురూ రాలే చోట. ఆ లెక్క వేరుగా తీయాలి.

ధర పోల్చేటప్పుడు సీసా ధరను ఆ సీసా ఎన్నిసార్లు వస్తుందో దానితో భాగించి, వచ్చినదాన్ని మళ్ళీ నిలిచిన నెలలతో భాగించండి. మీ చేతి పనికి పట్టే గంటలు కూడా పక్కనే రాయండి. నాకు ఈ లెక్కలో పాలిమర్ గెలిచింది. నెలకోసారి స్ప్రే చల్లి తుడవడం ఇష్టమైన వారికి స్ప్రే గెలుస్తుంది.

ఒక హెచ్చరిక. ఏ పూతయినా పక్షి రెట్టను ఎండలో రోజంతా ఆపలేదు. రెట్టలో యూరిక్ ఆమ్లం ఉంటుంది, వేడికి క్లియర్ కోటు మెత్తబడిన సమయంలో అది లోపలికి దిగుతుంది. పూత మనకు కొన్ని గంటల వ్యవధి ఇస్తుంది, అంతే. కనిపించిన వెంటనే తడి గుడ్డ వేసి నానబెట్టి, రుద్దకుండా ఎత్తేయండి. నేను కారులో ఎప్పుడూ ఒక సీసా ఏసీ నీళ్ళు, రెండు మెత్తటి గుడ్డలు ఉంచుతాను.

ఆ డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చింది. బాపట్ల దగ్గర తీరం దాటకముందు చెన్నైని ముంచెత్తింది. కారును ఎత్తైన వీధిలో నిలిపి కాపాడుకున్నాం గాని, మేడ మీది బానెట్టును ఇటుకల మీద నుంచి గాలి నెట్టేసింది. వట్టి పట్టీ అంచున రంగు లేచింది. జనవరిలో దాన్ని సరిచేయించి, క్లే పట్టి, ఆల్కహాల్‌తో తుడిచి, మళ్ళీ టేపు అంటించాను. ఈసారి పాలిమర్ రకాలే మూడు, పక్కన వట్టి పట్టీ రెండు చోట్ల.